ఎక్కువ తినేవాడు

తాండూరు బస్టాండు వెనక నిరోషా నడిపే ఫోటో స్టూడియోలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు. ఆ మధ్యాహ్నం అది ఆపసోపాలు పడుతూ హన్మమ్మ కోసం వీడియో తయారు చేస్తోంది. పోయిన భర్త అనంతయ్య మేకల మందను అదిలించే గొంతు అందులో ఉంది. రేపు పెద్దేముల్‌లో ఆయన దినాలు. ఆఖరి షేర్ ఆటో కదిలేలోపు వీడియో చేతికి రాకపోతే ఆ గొంతు లేకుండానే అవి జరిగిపోతాయి.

హన్మమ్మకు తోడుగా అల్లుడు నవీన్‌కుమార్ వచ్చాడు. వికారాబాద్‌లో ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. మెడలో ఐడీ కార్డును చావింట్లో కూడా తీయలేదు.

"గింత స్లోనా? జర జరుగమ్మా," అంటూ నిరోషా కుర్చీలో కూర్చున్నాడు. నల్ల తెర తెరిచి 'టాప్' అని కొట్టాడు. లోపల నడుస్తున్న పనులన్నీ వరసగా కనిపించాయి. అన్నిటికంటే పైన ఒకటి, మిషను బలమంతా తనే లాగేస్తూ.

"చూసినవా? గీడొక్కడే మొత్తం తింటున్నడు. గీన్ని లేపేస్తే మిషిన్ గుర్రం లెక్క ఉరుకుతది."

"సార్, గదే మన వీడియో జే—"

"మా ఆఫీసుల రోజూ చేసే పనే. ఎక్కువ తినేటోన్ని ముందు పీకాలె."

ఆ ఆఫీసులో పని చేసేవాళ్లకు ఏ గతి పడుతుందో నిరోషాకు అర్థమైంది. కానీ అల్లుణ్ని కాదనేదెవరు? హన్మమ్మ అప్పటికే అల్లుడి ఎదుట పడకూడదని కొంగు తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది.

అతను 'కిల్' అని, దాని పక్కన ఒక సంఖ్య, ఆ తర్వాత ఆ పని నంబరు టకటకా కొట్టి ఎంటర్ నొక్కాడు. మిషను ఫ్యాను హోరు తగ్గింది. వీడియో సగంలో నిలిచిపోయింది.

"ఎట్లుంది? సైలెంట్!"

"చప్పుడు లేదు సార్. వీడియో కూడ లేదు." మళ్లీ మొదట్నుంచి అంటే ఆటో వెళ్లిపోతుంది.

"ఆయన గొంతు పోయిందా బిడ్డా?" హన్మమ్మ గోడనే అడిగింది.

నవీన్‌కుమార్ ఐడీ కార్డు సర్దుకున్నాడు. "గీ మిషినే పాతది."

నిరోషా తెర దగ్గరికి వంగి చూసింది. 'కిల్' పక్కన అతను కొట్టాలనుకున్నది తొమ్మిది. అది అక్కడికక్కడే ప్రాణం తీస్తుంది. వేగం చూపించబోయి కొట్టింది పంతొమ్మిది. అది చంపదు, ఉన్నచోట నిలబెడుతుంది. అనంతయ్య వీడియో బుద్ధిగా అక్కడే కాచుకుని ఉంది. ఆమె పద్దెనిమిది కొట్టింది. కదులు అని దాని అర్థం. ఫ్యాను మళ్లీ హోరెత్తింది.

"తప్పు నంబరు కొట్టిండ్రు సార్. గదే మంచిగైంది."

"తప్పేంది? మిషిన్ జర చల్లబడాలని నేనే ఆపిన."

ఆటో హారన్ కొడుతుండగా వీడియో పూర్తయింది. సరిచూడటానికి నిరోషా ఒక్కసారి పెట్టింది. "హుర్ర్... హోయ్!" హన్మమ్మ గోడవైపు నుంచి తిరిగింది. కొంగు జారినా సర్దుకోలేదు.

ఆటో ఎక్కబోతూ మాత్రం సర్దుకుని, ఎంతో మర్యాదగా అంది: "రేపు వడ్డన కాడ మీరుండకుండ్రి అల్లుడా. ఎక్కువ తినేటోళ్లే వస్తరు. మీ మామతోని ఎండల తిరిగి మంద కాసినోళ్లు."