ఒప్పుకునే గొంతు

ష్యూర్ అన్నది మరీ పలచన, దానికి సగం మార్కులు చాలు, సర్టెన్లీ అయితే కాస్త ఇస్త్రీ చేసిన మాట, ఆఫ్ కోర్స్ అన్నప్పుడు గొంతు చివర పైకి లేస్తే ఆ మాత్రం తెలీదా అని ఎదుటివాళ్లని దెప్పినట్టుంటుంది, కిందికి దించితేనే మర్యాద, అనుకుంటూ ఆమె చెవులకున్న హెడ్‌ఫోన్స్ సర్దుకుని రికార్డును కొంచెం వెనక్కి జరిపింది, ఈ చిన్న గదిలో ఆమె పనే అది, అవతలి హాల్లో వరసగా కూర్చుని టెలిఫోన్ కంపెనీ కస్టమర్లతో మాట్లాడేవాళ్ల గొంతులు తర్వాత తీరిగ్గా వినడం, వాళ్లు ఔనన్న తీరుకు మార్కులు వెయ్యడం, ఒక కాల్‌లో ఒకే మాట రెండుసార్లు రాకూడదన్న నియమం కూడా ఆమె పెట్టిందే, ఓకే అయితే అసలు పనికిరాదు, నోరిక్కడ మనసెక్కడో ఉన్నట్టుంటుంది, అందుకే హాలు గోడ మీద పెద్దక్షరాలతో ష్యూర్, సర్టెన్లీ, ఆఫ్ కోర్స్, అబ్సల్యూట్లీ, బై ఆల్ మీన్స్, గ్లాడ్లీ, అన్నీ అంటించి పెట్టింది, కొత్తగా చేరినవాళ్లు వాటిని ఎక్కాల్లా వల్లెవేస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఒక్క సరేకి ఇన్ని చీరలా అక్కా, అని అడిగింది చేరిన మొదటిరోజే ఒకమ్మాయి, గొంతు అంత తియ్యగా ఉంటుందని దానికి అందరూ తేనెసీసా అని పేరు పెట్టేశారు, బల్ల మీద ఫోన్ గుర్రుమంది, మళ్లీ వాళ్లాయన మెసేజే, పొద్దుట్నుంచి ఇది రెండోసారి, ఆఫీసు నుంచి అటే కాలేజీకి వెళ్లి అమ్మాయి పేరు రాయించేస్తాను, ఇవాళే ఆఖరు, అన్నయ్యకి కూడా చెప్పేస్తున్నా, సరేనా, అని.

సరేనా అని ఆయన అడగడం, సరే అని ఈమె అనడం, మధ్యలో గాలి కూడా దూరదు ఎప్పుడూ, బొటనవేలి బొమ్మ ఒకటి పంపితే అయిపోతుంది, మరి వేలెందుకు కదలడం లేదో ఆమెకే అర్థం కాలేదు, కాదనడానికేముంది, రాత్రి భోజనాల దగ్గర ఆయన కూతురికి అంతా నెమ్మదిగానే చెప్పాడు, అకౌంట్స్ కోర్సు, అది కాగానే పెదనాన్న ఆఫీసు, కుర్చీ రెడీగా ఉంది తల్లీ, బయట ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు, అని, పిల్ల మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి, ముందు నవ్వి, ఆ తర్వాత, ష్యూర్ నాన్నా, తప్పకుండా, మంచి ఐడియా, అంది, చూశావా, ముఖం మాడ్చుకుంటుంది, వద్దంటుంది అని నన్ను భయపెట్టావు, అదెంత బుద్ధిమంతురాలో, అంతా నా పోలిక, అని ఆయన మురిసిపోతే, మరే, మంచివన్నీ మీ పోలికే, చెప్పులు గుమ్మంలో విసిరేసేది ఒక్కటే నా పోలిక, అని తనూ నవ్వింది, నిజంగానే నవ్వింది, గుండెల మీంచి బరువు దిగినట్టే ఉంది, పిల్లకి పురుగుల పిచ్చి, చిన్నప్పట్నుంచీ చీమలు, గొంగళిపురుగులు, బాల్కనీ నిండా గాజు సీసాలు, పురుగుల చదువే చదువుతానని నిరుడంతా ప్రాణం తీసింది, ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఎవరనుకున్నారు.

అక్కా, బిజీనా, అంటూ సూపర్‌వైజర్ తలుపు సందులోంచి తల దూర్చాడు, మీ తేనెసీసాకి పోయినవారం ఒక కాల్‌కి ఫుల్ మార్కులేశారే, ఆ కాల్‌లో పెద్దాయన మళ్లీ ఫోన్ చేసి మా చెవులు వాయించేశాడు, ఏమైంది, అంటే, ఏం కావడమేంటి, ఏమీ కాకపోవడమే అయింది, ఆయన ఇల్లు మారాడు, ఫోన్ కనెక్షన్ కొత్త ఇంటికి మార్చమన్నాడు, మనమ్మాయి అన్నిటికీ ఔనంది, పని మాత్రం కంప్యూటర్లో ఎక్కించలేదు, ఆ పిల్ల నన్ను పెళ్లికొడుకుని చూసినట్టు చూసుకుందయ్యా, ఫోన్ ఒక్కటే రాలేదు, అంటున్నాడాయన, అని సూపర్‌వైజర్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు, ఆమెకి నవ్వు రాలేదు, ఆ రికార్డు తెరిచి మొదట్నుంచీ పెట్టింది, ఎంత చక్కటి కాల్, పెద్దాయన మా ఆవిడకి ఒంట్లో బాగుండదమ్మా, ఫోన్ లేకపోతే ఇబ్బంది, అంటాడు, అబ్సల్యూట్లీ సార్, ఈ వారంలోనే కావాలమ్మా, సర్టెన్లీ సార్, పాత నంబరే ఉంచాలి, బై ఆల్ మీన్స్ సార్, ఒక్క మాటా రెండోసారి రాలేదు, ప్రతిసారీ గొంతు కిందికి దిగింది, మరి ఏం లోపించింది, మళ్లీ విన్నది, కళ్లు మూసుకుని విన్నది, కీబోర్డు చప్పుడు లేదు, మిగతా కాల్స్ అన్నిట్లో మాటల వెనక టకటకమని ఏదో కొడుతూనే ఉంటారు, మధ్యలో ఆపి, ఒక్క నిమిషం సార్, ఏ వీధన్నారు, ఎన్నో అంతస్తు, తాళం ఎవరి దగ్గరుంటుంది, అని విసిగిస్తూనే ఉంటారు, ఆ విసిగించేవాళ్లకి మాట తడబడిందని ఆమె మార్కులు కోసింది, ఈ అమ్మాయి ఆ పెద్దాయన్ని కొత్త ఇల్లు ఎక్కడని కూడా అడగలేదు.

అడగలేదు, పిల్ల కూడా ఏమీ అడగలేదు, పురుగులకి పెద్ద గాజుపెట్టె కొంటానన్నప్పుడు ఎలా తినేసింది తనని, ఎప్పుడు కొంటావు, ఎంత పొడుగుంటుంది, మూతకి చిల్లులు వాళ్లే పెడతారా మనం పెట్టుకోవాలా, ఎండ ఎటు పడుతుంది, వద్దులే తల్లీ అనేదాకా వదల్లేదు, రాత్రి మాత్రం ఆ కాలేజీ ఎక్కడ, ఎన్నేళ్లు, పెదనాన్న ఆఫీసులో నేనేం చెయ్యాలి, ఒక్కటీ లేదు, నవ్వు ముందు, మాట తర్వాత, చివర కిందికి, అచ్చం తను నేర్పేటట్టే, నేర్పింది తనే కదా, ఈ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పొయ్యి దగ్గర నిలబడి ఆ మాటలన్నీ పైకి అనుకుంటుంటే, హోంవర్కు చేసుకునే పిల్ల వెనకనుంచి తనలాగే అనేది, అమ్మా ఇప్పుడు బాగా అన్నానా, ఎన్ని మార్కులు, అని గారాలు పోయేది, నూటికి నూరు తల్లీ అనేది తను, ఈ పొద్దున వంటింటి గట్టు మీద పిల్ల పురుగుల సీసాలన్నీ శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి, అమ్మయ్య, ఇన్నాళ్లకి బాల్కనీ బాగుపడింది, అనుకుంది, దేవుడా, అలా అనుకుని వాటి మధ్యలోంచే టీ గ్లాసు కూడా తీసుకుంది.

తేనెసీసాని పిలిపించింది, ఆ అమ్మాయి వస్తూనే తల దించుకుని, తిట్టండక్కా, అంది, తిట్టను, కూర్చో, ఎందుకలా చేశావు, అంటే, ఆ రోజు కంప్యూటర్లో ఆ పేజీ తెరుచుకోలేదక్కా, కావడం లేదు సార్, కాసేపాగి చెయ్యండి అంటే ఆయనకి కోపమొస్తుందని, మీరేమో మార్కులు కోస్తారని, ఔనంటూ పోయాను, తర్వాత ఎక్కిద్దామనుకుని మర్చిపోయాను, ఆయన సంతోషంగానే ఫోన్ పెట్టేశాడు కదక్కా, అంది, కాదని చెప్పాల్సిందమ్మా, అంటే ఆ అమ్మాయి అమాయకంగా చూసి, ఎలా చెప్పాలక్కా, గోడ మీద ఆ మాట లేదుగా, అంది, ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది, వెళ్లు, ముందు ఆయనకి ఫోన్ చేసి ఇల్లెక్కడో కనుక్కో, అని పంపేసింది.

ఫోన్ తీసుకుని ఇవాళ పేరు రాయించకండి అని ఆయనకి పంపింది, అది వెళ్లిందో లేదో ఆయనే ఫోన్ చేశాడు, ఏమైందే, ఒంట్లో బాగానే ఉందా, బాగానే ఉంది, ఇవాళ వద్దండి, అంది, వద్దా, పిల్లే ఒప్పుకున్నాక మధ్యలో నీకేమొచ్చింది, అన్నాడు, రాత్రి అది మిమ్మల్ని ఏమైనా అడిగిందా, ఏమడుగుతుంది, ఏదో ఒకటి, కాలేజీ ఎక్కడ, ఏ బస్సెక్కాలి, ఏదైనా, అవతల ఎవరిదో కుర్చీ కిర్రుమంది, లేదే, అడగలేదు, అన్నాడాయన, కాస్త తగ్గి, మళ్లీ వెంటనే, సీటు పోతే ఎవరు తెస్తారు, నువ్వు తెస్తావా, అన్నాడు, పోతే పోయింది, ఇంటికి రండి, అంది ఆమె, తన గొంతు చివర కిందికి దిగిందో పైకి లేచిందో చూసుకోలేదు.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెడితే చెవులకి చల్లగా అనిపించింది, రాత్రికి పిల్లని ఏమని అడగాలి, నిజంగా ఇష్టమేనా అంటే ష్యూర్ అమ్మా అంటుంది, నీకేది కావాలో అదే చదువుకో అంటే ఆఫ్ కోర్స్ అంటుంది, ఎలా అడిగినా ఔననే అంటుంది, ఆ ఇంట్లో పిల్ల విన్నది ఆ ఔను ఒక్కటే, పదిహేడేళ్లుగా అమ్మ నాన్నతో అన్నదీ అదొక్కటే, కాబట్టి అడగడం కాదు, ముందు ఆ పిల్ల ఎదురుగా కూర్చుని తను వాళ్ల నాన్నతో కాదు అనాలి, గొంతు పెంచకుండా, భోజనం చేస్తూ, ఆయన విసుక్కోనీ, అలగనీ, ఆ తర్వాత కూడా పళ్లెంలో కూర పళ్లెంలోనే ఉంటుందని, నాన్న నాన్నగానే ఉంటాడని, అమ్మ లేచి వెళ్లిపోదని ఆ పిల్ల కళ్లారా చూడాలి, అది చూసేదాకా దాని నోటివెంట వచ్చే ఏ ఔనూ ఔను కాదు.