పూచీ పడ్డ వేలు

చిన్నకోటయ్య ఎడమ బొటనవేలికి ఆముదం రాసి, పాత చీరపేలిక మూడు చుట్లు చుట్టి, కొసను పళ్ళతో బిగించాడు. ఇలా చుట్టడం ఇది పద్నాలుగో పొద్దు. తర్వాత ఉలీ సుత్తీ తీసుకుని నాపరాళ్ళ క్వారీకి బయల్దేరాడు.

ముప్పయ్యేళ్ళుగా అదే దారి. నడుము వంగింది, కనుబొమల్లో రాతిపొడి పాతుకుపోయింది. ఊళ్ళో సగం అరుగులు అతను కొట్టిన రాళ్ళే గాని, వాటి మీద కూర్చునేవాళ్ళకు అతని పేరు కూడా తెలియదు.

కూతురు నాంచారమ్మ మొగుడు రంగూను రేవులో కూలీ. యుద్ధం ముగిశాక మళ్ళీ వెళ్ళి రెండేళ్ళయింది. ఇప్పుడు పెళ్ళాం అక్కడికి చేరాలంటే పర్మిట్ కావాలి. అక్కడ బతుకు సాగకపోతే తిరుగు ప్రయాణం ఖర్చు నాదని, సంపాదనలో ఉన్న మనిషి ఇక్కడ పూచీకత్తు రాయాలి. ఆ పిల్లకు తండ్రి తప్ప ఎవరున్నారు? పనిలో ఉన్నాడని మేస్త్రీ చీటీ ఇచ్చాడు. రెండు వారాల కిందట గురజాల కచేరీలో గుమాస్తా త్రికోటేశ్వరరావు పూచీకత్తు మీద వేలిముద్రకని సిరా పూసి మూడుసార్లు వేలు అద్దించాడు. మూడుసార్లూ నల్లమచ్చే పడింది, గీత ఒక్కటీ లేదు.

"ఏందయ్యా, ఇది వేలా గులకరాయా?" అన్నాడు గుమాస్తా. "పదిహేను రోజులు రాయి ముట్టుకోకు. గీతలు అయ్యే వస్తయి. గడువు నెలాఖరు."

రాయి ముట్టకపోతే మేస్త్రీ పేరు కొట్టేస్తాడు. పేరు పోతే చీటీ చెల్లదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే ఈ పేలిక.

"ఆ గుడ్డ తీసెయ్ కోటయ్యా. రాయి సంగతి చేతికి ఎట్టా తెలుస్తది?" అన్నాడు మేస్త్రీ నూర్ మొహమ్మద్.

"రేపు తీస్తా మేస్త్రీ. రేపు కచేరీకి పోవాల."

మేస్త్రీ మాట నిజమే. పొర విడిపోబోయే ముందు రాయి సన్నగా అదురుతుంది. ఆ అదురు ఉలి మీదుగా బొటనవేలికి అందితే పనివాడు వెనక్కి జరుగుతాడు. ఇన్నాళ్ళూ అతన్ని కాచింది ఆ వేలే.

మధ్యాహ్నం పైపొర అదిరింది. పేలిక కింది వేలికి అది తెలియలేదు. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. పక్కవాళ్ళు వచ్చేసరికి ఛాతీ మీద రాయి ఉంది, ఊపిరి లేదు.

సాయంత్రం శవానికి నీళ్ళు పోయబోతూ నాంచారమ్మ ఆ పేలికను తొడుగులా లాగింది. ఒళ్ళంతా రాతిపొడి గాని, ఆ వేలు మాత్రం పసిబిడ్డ వేలిలా మెత్తగా ఉంది. దాని మీద సన్నటి గీతలు చుట్టు మీద చుట్టుగా తేలాయి.

"వచ్చినయి నాయనా," అంది. చచ్చినవాడి వేలు కచేరీలో చెల్లదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దుఃఖం ఆగక ఆ చేతిని చెంపకు ఆనించుకుంది.

నీళ్ళబిందె పక్కన పేలిక పడి ఉంది, మూడు చుట్లూ విడకుండా, లోపల ఇంకా వేలు ఉన్నట్టే.