బావ పేరు మీద నాలుగు జతలు

మా సెక్షన్ హెడ్‌ని మేమంతా భూతద్దం అంటాం. ఆయన ఎదురుగా కాదు లెండి. నలుసంత కనిపిస్తే చాలు, దాన్ని కొండంత చేసి చూడటం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. శుక్రవారం మధ్యాహ్నం నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఒక కాగితం నా వైపు తోశాడు.

"ఈయన మీ బావే కదా?"

మా అక్క భర్త ఇదే లిఫ్టుల కంపెనీలో మెకానిక్. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. కాగితంలో ఆయన పేరు, పక్కన ఒక అపార్ట్‌మెంట్ పేరు ఉన్నాయి. బ్రేకులో అరిగిపోయే పట్టీల్ని లైనర్లంటాం, ఒక లిఫ్టుకి ఏడాదికి రెండు జతలు చాలు. బావ ఏడాదిలో నాలుగు జతలు వేసినట్టు రాసుంది. అక్కడున్నది ఒకే ఒక్క లిఫ్టు అని కూడా కాగితమే చెబుతోంది.

"మిగతా రెండు జతలూ ఎటు పోయినట్టు?" అన్నాడు భూతద్దం. "సోమవారం పదకొండింటికి విచారణ. తేలకపోతే ఉద్యోగం ఉండదు. అప్పటిదాకా ఆయనకేం చెప్పకు. ఇంట్లో ఏమైనా తేడాగా ఉందా?"

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "ఈమధ్య పెద్ద టీవీ కొన్నాడండీ," అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. బంధువుని వెనకేసుకొస్తున్నానని అనుకుంటాడేమోనని భయం.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అని ఆయన నన్నే చూస్తూ కాగితం మడిచాడు.

ఆ కాగితం తప్పు చెబుతుందని నాకు తట్టనే లేదు. అందులో సగం నా పనే మరి. కంపెనీ కస్టమర్ల అసలు జాబితా, మాస్టర్ డేటా అంటామే, అది నా చేతిలో ఉంటుంది. ఒక కస్టమర్‌కి, అంటే మా లెక్కలో ఒక భవనానికి, ఒకే నంబరు. అమ్మకాలవాళ్ళయినా, సర్వీసువాళ్ళయినా, స్టోర్సువాళ్ళయినా ఆ నంబరే వాడాలి. రోజూ తెల్లవారేసరికి వాళ్ళందరి వివరాలూ డేటా వేర్‌హౌస్‌లోకి చేరి, నా నంబర్ల కింద సర్దుకుంటాయి. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. రిపోర్టులు పుట్టేది అక్కడే. దాన్ని చూసుకునే ఆవిడని గోదాము మేడమ్ అంటాం, ఆవిడా నవ్వుతూనే పలుకుతుంది. జాబితా నాది, చరిత్ర ఆవిడది. రెండూ ఒక్కమాట మీదుంటే ఇక తిరుగేముంది?

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆదివారం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఫోను మోగితే బావ బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడాడు. ఇదివరకూ అలాగే వెళ్ళేవాడేమో, నేనెప్పుడు చూశాను గనక? ఆయన స్నానానికి వెళ్ళగానే గుమ్మం పక్కనున్న పనిసంచి విప్పాను. అడుగున పాత పేపర్లో చుట్టిన బ్రేక్ లైనర్ల జత కనిపించింది. కొత్తవో అరిగినవో కూడా చూడలేదు.

"ఏం వెతుకుతున్నావురా?" వెనకే అక్క నిలబడి ఉంది.

"స్క్రూడ్రైవర్."

"దేనికి?"

"కళ్ళజోడు వదులైందక్కా."

అక్క వంటింటి సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ వెతికి తెచ్చింది. బిగుతుగానే ఉన్న కళ్ళజోడుని ఆమె ముందు విప్పి మళ్ళీ బిగించాల్సి వచ్చింది.

"ఏంట్రా, ముద్ద దిగట్లేదు?" అన్నాడు బావ భోజనాల దగ్గర. ఆకలి లేదన్నాను.

సోమవారం పొద్దున్నే గోదాము మేడమ్ దగ్గరికి వెళ్ళాను. బావని కాపాడదామని కాదు. ఇంకెన్ని భవనాల్లో ఇలా చేశాడో ముందే తెలుసుకుందామని.

ఆవిడ తెర మీద వేలు పెట్టి చూపించింది. "లైనర్లు రెట్టింపు. తలుపు రోలర్లు రెట్టింపు. నూనె రెట్టింపు. ఆఖరికి పనికెళ్ళిన రోజులు కూడా రెట్టింపే. సరుకు కొట్టేసే దొంగలున్నారు గానీ, దాంతోపాటు రెట్టింపు చాకిరీ చేసే దొంగని నేను చూళ్ళేదు."

"అంటే?"

"మీ జాబితాలో ఇప్పుడున్నదే కనిపిస్తుంది. నా దగ్గర పాతది కూడా చెరగదు. ఉండండి."

పదిహేను నెలల క్రితం దాకా ఆ అపార్ట్‌మెంట్‌కి రెండు నంబర్లున్నాయి. ముందు భవనానికొకటి, వెనక భవనానికొకటి. యజమాని ఒకరే, ఫోను ఒకటే, చిరునామా ఒకటే. లిఫ్టులు మాత్రం రెండు. ఆ రెండు నంబర్లనీ ఎవరో ఒకటి చేసేశారు. రెండో లిఫ్టు జాబితాలోంచి పోయింది, దానికి బావ చేసిన పనంతా వచ్చి మొదటిదాని కింద చేరింది. ఒకటి చేసిందెవరో కూడా పక్కనే రాసుంది. గోదాము మేడమ్ పైకి చదవకుండా తన కుర్చీ వెనక్కి జరుపుకుంది.

నేనే. ఆ నెల జాబితా శుభ్రం చేయమన్నారు. యజమాని, ఫోను, చిరునామా మూడూ కలిస్తే ఒకే కస్టమర్ కింద లెక్క అని నియమం పెట్టింది కూడా నేనే. నాలుగు వందల జంటల్ని మూడు రోజుల్లో కలిపేసి మీటింగులో చప్పట్లు కొట్టించుకున్నాను.

బావని ఒక్క మాట అడిగుంటే, "వెనకాల ఇంకో భవనం ఉందిగా," అనేవాడు. అడగబుద్ధి కాలేదు, సంచి వెతకబుద్ధయింది. అరిగిన లైనర్లు తిరిగిస్తేనే స్టోర్సువాళ్ళు కొత్తవి ఇస్తారని కంపెనీలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. సంచిలో ఉన్నవి అలా తిరిగివ్వాల్సిన పాతవే అయ్యుండాలి. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

పదకొండింటికి బావ ఇస్త్రీ చేసిన యూనిఫాంలో వచ్చి కూర్చున్నాడు. ఎందుకు పిలిచారో ఆయనకింకా తెలియదు. భూతద్దం నోరు తెరవకముందే నేను లేచి, తప్పు నాదని చెప్పి, పాత నంబర్లు రెండూ ఉన్న కాగితం చూపించాను.

భూతద్దం దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే, ఈయన ఉద్యోగానికి ఢోకా లేదు," అన్నాడు చివరికి. తర్వాత నా వైపు తిరిగాడు. "మరి శుక్రవారం నా అనుమానాన్ని గట్టి చేసింది నువ్వే కదయ్యా?"

బావ నన్ను చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

బయటికొచ్చాక, "తప్పయిపోయింది బావా," అన్నాను. ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"కంపెనీకి నేనేమైనా చుట్టాన్నా, అది అనుమానిస్తుంది," అన్నాడు. "మీ అక్కతో మాత్రం అనకు. నువ్వన్నావని తెలిస్తే తట్టుకోలేదు."

ఆ వచ్చే ఆదివారం భోజనానికి రమ్మని అక్క ఫోన్ చేసింది. పనుందని అబద్ధం చెప్పాను.