ఏడ్చినవాళ్ళు గిన్నెలు తోమాలి

"అమ్మా, ఒక మాట చెప్పాలి," అంది కూతురు, స్టూడియో మేకప్ గది తలుపు దగ్గర నిలబడి.

బస్సు డ్రైవరైన తల్లి అద్దంలోంచే చూసింది. మొహానికి పౌడరు అద్దుతున్న అమ్మాయి పక్కకు జరిగింది.

"చెప్పవే, గలగలా."

చిన్నప్పుడు వాగుడుకాయ. అందుకే ఆ పేరు. పదహారేళ్ళు వచ్చేసరికి గలగల తగ్గింది, పేరు మాత్రం మిగిలింది.

"ఇవాళ వేసేదాంట్లో నేను మాట్లాడింది ఉంది. డాక్టరాంటీతో. అది వచ్చేటప్పుడు నువ్వేం అనకు. ఊరికే విను."

"అంటే, నా మీద బాగానే చాడీలు చెప్పావన్నమాట."

"అమ్మా."

"సరే సరే. నోటికి తాళం."

"జోకు కూడా వెయ్యకు."

"ఊపిరి పీల్చుకోవచ్చా మరి?"

కూతురు నవ్వలేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

"నిజంగా అడుగుతున్నానమ్మా. ఒక్కసారి."

"మాటిచ్చానుగా. వెళ్ళి నాన్న పక్కన కూర్చో."

ఆ మాట ఇచ్చేటప్పుడు ఆమె అబద్ధమాడలేదు.

ఆమె సిటీ బస్సు నడుపుతుంది. భర్త అదే డిపోలో మెకానిక్కు. ఇంట్లో అత్తగారు, కూతురు. 'ఒక వారం మీ ఇంట్లో' అనే టీవీ కార్యక్రమానికి వాళ్ళని ఎంచుకున్నది ఒకే ఒక్క కారణంతో. ఆ ఇంటికి ఒక చట్టం ఉంది. ఏడ్చినవాళ్ళు గిన్నెలు తోమాలి.

దాన్ని ఎవరూ కూర్చుని రాయలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రయాణికుడు నడిబస్సులో, అందరి ముందూ ఆమెని నానా మాటలూ అన్నాడు. ఇంటికొచ్చి వంటింట్లో వెక్కి వెక్కి ఏడ్చింది. భర్తకి ఓదార్చడం రాదు. కాసేపు తల గోక్కుని, "ఎలాగూ నీళ్ళు కారుస్తున్నావు కదా, ఆ సింకు మీద కార్చరాదూ, గిన్నెలైనా అవుతాయి" అన్నాడు. ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో ఆ రోజు గట్టెక్కింది. మర్నాడు మళ్ళీ స్టీరింగు పట్టుకోగలిగింది. అప్పటినుంచీ అదే మందు. జీతం ఆగినా, దెబ్బ తగిలినా, పరీక్ష పోయినా ముందు జోకు, తర్వాత స్పాంజి. తమ ఇంట్లో ఎవరూ కుంగిపోరని ఆమె గర్వంగా చెప్పుకునేది.

కార్యక్రమం వాళ్ళు ఆమెని వారం పాటు ఒక పళ్ళ డాక్టరమ్మ ఇంటికి పంపారు. డాక్టరమ్మని వీళ్ళింటికి.

డాక్టరమ్మది నిశ్శబ్దమైన ఇల్లు. గదిలోకి వెళ్ళాలంటే తలుపు తట్టాలి. భోజనాల దగ్గర రోజూ ఒకరు, ఆ రోజు తమని బాధపెట్టిన విషయం చెప్తారు. మిగతావాళ్ళు వింటారు. నవ్వకూడదు. సలహా ఇవ్వకూడదు. మొదటిరోజు డ్రైవరు బిత్తరపోయింది. "ఇదేం బాబూ, భోజనమా, పోలీస్ స్టేషనా?" అంది. డాక్టరమ్మ భర్త గంభీరంగా తల వంచుకున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. మనిషి నవ్వుతున్నాడు!

రెండోరోజు వాళ్ళ చిన్నవాడు ఆటలో ఓడిపోయి రాగం తీశాడు. డ్రైవరు వాడిని ఎత్తుకెళ్ళి సింకు ముందు స్టూలెక్కించి చేతిలో ఒక చెంచా పెట్టింది. వాడు ఏడుస్తూ తోమాడు, తోముతూ నవ్వాడు. మర్నాడు ఏడవకుండానే వచ్చి చెంచా అడిగాడు. కెమెరా వెనక డైరెక్టరు బొటనవేలు పైకెత్తాడు.

గెలిచాననుకుంది ఆమె. స్టూడియోలో దీపాలు వెలిగే దాకా.

యాంకరు తెర వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడు మీ ఇల్లు చూద్దాం."

తెరమీద ఆమె డైనింగ్ టేబులు. కుర్చీలో ఆమె ఉండాల్సిన చోట డాక్టరమ్మ.

"ఒకరు చెప్పాలి. మిగతావాళ్ళు వినాలి," అంటోంది డాక్టరమ్మ.

"తినొచ్చా?" అన్నాడు భర్త. స్టూడియోలో జనం నవ్వారు.

"తినొచ్చు."

కాసేపు చెంచాల చప్పుడు. తర్వాత కూతురి గొంతు.

"తాతయ్య పోయిన రోజు వంటింట్లో ఏడుస్తున్నాను. అమ్మ వచ్చి స్పాంజి చేతిలో పెట్టింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చినవాళ్ళందరివీ గిన్నెలు ఉన్నాయి. అన్నీ తోమాను." ఆగింది. "అప్పట్నుంచీ ఏడుపొస్తే ఇంట్లో ఏడవను. బస్సెక్కుతాను. అమ్మ నడిపే బస్సు కాదు, వేరేది. చివరి స్టాపు దాకా వెళ్ళి, మొహం తుడుచుకుని వచ్చేస్తాను."

తెర ఆగిపోయింది.

అవతలి సోఫాలో కూతురు తల్లినే చూస్తోంది. కళ్ళార్పకుండా.

మామగారు పోయిన రోజు డ్రైవరుకి గుర్తుంది. పిల్ల కుంగిపోకూడదని, ఇల్లంతా కుంగిపోకూడదని, తను పళ్ళు బిగబట్టి చేసిన పని అది. ఇప్పుడు కళ్ళల్లోకి నీళ్ళు తోసుకొస్తున్నాయి. యాంకరు మైకు దగ్గరికి తెచ్చాడు. ఊరికే ఉంటే చాలు. ఆ నీళ్ళు కారనిస్తే చాలు.

కానీ కన్నీళ్ళు వస్తే నోరు ముందు పరిగెత్తడం ఆమెకి ఏళ్ళ తరబడి అలవాటు.

"పిచ్చిది, అనవసరంగా టికెట్టు కొనుక్కుంది," అంది. "నా బస్సెక్కితే ఫ్రీ కదా!"

స్టూడియో దద్దరిల్లింది. చప్పట్లు. యాంకరు కడుపు పట్టుకున్నాడు. భర్త కూడా నవ్వేశాడు.

కూతురూ నవ్వింది. చక్కగా, కెమెరాకి సరిపోయేట్టు. తర్వాత తల్లి మీంచి చూపు తీసేసింది.

రికార్డింగు అయ్యాక డ్రైవరు డైరెక్టరు వెంట పడింది.

"బాబూ, నేనన్న ఆ ముక్క తీసెయ్యండి."

"ఏ ముక్క?"

"టికెట్టు ముక్క."

"భలేవారే! ప్రోమోలో వేసేదే అది. మీరు సూపరమ్మా!"

ఇంటికెళ్ళే వ్యానులో కూతురు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

దిగాక, గేటు దగ్గర అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేనొకటి చెప్తాను, కోప్పడకు. మీ మామయ్య పోయాక నేను స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని."

"నాకు చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"చెప్తే నవ్విస్తావు కదే తల్లీ."

కార్యక్రమం ప్రసారమైంది. డ్రైవరు పేరు మోగిపోయింది. డిపోలో తోటి డ్రైవర్లు "ఫ్రీ టికెట్టమ్మ" అని పిలవసాగారు. కాలేజీ పిల్లలు బస్సెక్కుతూ, "ఆంటీ, ఏడుపొస్తోంది, ఫ్రీయేనా?" అని అడిగేవాళ్ళు. మొదట్లో అలవాటుగా జవాబు చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది. వాళ్ళు దాన్నీ జోకే అనుకున్నారు.

కూతురు మామూలుగానే ఉంది. అదే భయం ఆమెకి. అలగలేదు, అరవలేదు, తలుపు దభీమని వెయ్యలేదు.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి, యూనిఫాం విప్పకుండానే డాక్టరమ్మ క్లినిక్కుకి వెళ్ళింది.

"పన్ను నొప్పా?" అంది డాక్టరమ్మ.

"నోటి జబ్బే. పన్ను కాదు."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసి పక్కన పెట్టింది.

"మా పిల్ల మీ దగ్గరికి వస్తోందట కదా."

"అప్పుడప్పుడు వస్తుంది."

"ఏం చెప్తుంది?"

"అది నేను చెప్పకూడదు. మీకూ తెలుసు."

డ్రైవరు నేల చూసింది. "నేను చెడ్డదాన్నాండీ?"

"కాదు. మా ఇంట్లో నవ్వు మీరొచ్చాకే మొదలైంది. మావాడు ఇప్పటికీ చెంచా కోసం మారాం చేస్తాడు. మా ఆయన భోజనాల దగ్గర జోకులేస్తున్నాడు, అవి జోకులని మాకు చెప్పాల్సొస్తోంది, అది వేరే సంగతి." డాక్టరమ్మ నవ్వి ఆగింది. "మీరు అమ్మాయిని అడగండి. అడిగి, ఆగండి. అంతే."

"ఆగడం చేతకాదండీ నాకు. ఇన్నేళ్ళూ బస్సునే ఆపాను."

అనేశాక తనే నోటి మీద చెయ్యి వేసుకుంది.

ఆ సాయంత్రం ఆమె అందరికీ వడ్డించింది. భర్తకి ముందే చెప్పి పెట్టింది, కిమ్మనకూడదని. అత్తగారు కంచంలో వేళ్ళు కదపకుండా కూర్చుంది.

"అమ్మలూ," అంది డ్రైవరు. గలగలా అని పిలవలేదు. "ఇవాళ నీకేమైనా బాధ కలిగిందా? చెప్పు. నేనేం అనను. వింటాను."

కూతురు తలెత్తింది. తల్లి మొహంలోకి కాసేపు చూసింది, ఇది నిజమేనా అన్నట్టు. ఏదో అనబోయి పెదవులు విడివడ్డాయి కూడా. డ్రైవరు టేబులు అంచు గట్టిగా పట్టుకుంది. ఆగింది. నిజంగానే ఆగింది.

ఒక్క క్షణం. ఇంకొక్క క్షణం.

అప్పుడు కూతురి మొహం మారింది. కళ్ళు చిలిపిగా అయ్యాయి. ఆ మార్పు డ్రైవరుకి బాగా తెలుసు. అది తనదే.

"ఉందమ్మా, పెద్ద బాధే," అంది కూతురు. "ఈ కూరలో ఉప్పు వేశావో లేదో ఎవర్ని అడగాలో తెలియడం లేదు. డాక్టరాంటీనా, డైరెక్టరునా?"

సరైన చోట విరుపు, సరైన చోట ఆగడం. భర్త నోట్లో ముద్ద ఎగజిమ్మినంత పని చేశాడు. అత్తగారు కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

డ్రైవరు తమాయించుకోబోయింది. కానీ జోకు బాగుంది. ఆపుకునేలోపే నవ్వు బయటికొచ్చేసింది.

"పెరుగు వెయ్యనా?" అంది, నవ్వు తగ్గాక.

"వద్దమ్మా. చాలు."

కూతురు కంచం తీసుకుని లేచింది.