మానేసినవాళ్ళ దగ్గరికి

నర్సీపట్నం బస్టాండు వెనక సందులో ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయానికి పుష్పవతి పదిహేడేళ్లుగా లైబ్రేరియన్. చుట్టుపక్కల ఊళ్ళ లైబ్రేరియన్లు ఎనిమిది మంది నెలకో ఆదివారం అక్కడే కలిసేవారు. చదువుకునేవాళ్ళకు ఎక్కడ ఇబ్బందవుతోందో కనిపెట్టి సరిచెయ్యాలన్నది వాళ్ళ ఉద్దేశం. యలమంచిలి నుంచి వచ్చే రిటైరైన లైబ్రేరియన్ గణేశ్వరరావు గారు వాళ్ళకు పెద్ద. కుర్చీల ఎత్తు, బోర్డుల మీద అక్షరాలు, ఫ్యాన్ల చప్పుడు, అన్నీ మాట్లాడుకున్నారు. ఆషాఢంలో ఆయనకో సంగతి తట్టింది. వచ్చేవాళ్ళనే అడుగుతున్నాం, మానేసినవాళ్ళని ఎవరం అడగలేదు అన్నారు. తలా ఒకరి ఇంటికి వెళ్ళి కారణం కనుక్కు రావాలని అనుకున్నారు.

పుష్పవతి రిజిస్టరు తీసి మంగ పేరు ఎంచుకుంది. చింతపల్లి వైపు కొండ ఊరి పిల్ల. డీఎస్సీకి చదవడానికి పట్నంలో గది తీసుకుని ఉండేది. నాలుగు నెలలపాటు, తలుపులు తెరిచే వేళకే వచ్చి మెట్ల మీద కూర్చునేది. పుస్తకం గదికి తీసుకెళ్తానని రెండుసార్లు అడిగింది. అలా ఇవ్వాలంటే పట్నంలో సొంతిల్లు ఉన్నవాళ్ళు పూచీ సంతకం పెట్టాలి. ఆమెకు అలాంటివాళ్ళెవరూ తెలియదు. అందుకే మానేసి ఉంటుందని పుష్పవతి నమ్మింది. నియమం మార్చమని ట్రస్టుకు రాయవలసిన ఉత్తరం కూడా ఘాటీ ఎక్కుతున్న బస్సులోనే మనసులో కూర్చుకుంది.

బస్సు దిగి మూడు కిలోమీటర్లు వానలో నడిచింది. మంగ, ఆమె తండ్రి సూరన్న అరుగు మీద అడ్డాకులతో విస్తళ్ళు కుడుతున్నారు. మంగ లేచి మంచం వాల్చింది, మంచినీళ్ళిచ్చింది. ఎందుకు మానేశావని అడిగితే మాత్రం తల దించుకుని ఆకులు సర్దుకుంటూ ఉండిపోయింది.

"సెప్పియే అమ్మా. అంత దూరం నుంచి అడగడానికే వొచ్చేరు గదా" అన్నాడు సూరన్న.

"సంతకం గురించి కాదండి" అంది మంగ. "గైడులో కాయితాలు సింపీసేరని ఆరోజు మీరు నా సంచీ బల్ల మీద బోర్లించేరు. సదివే గదిలో పదిమందిమి ఉన్నాం. నా ఒక్కదాందే ఎతికేరు."

పుష్పవతికి వెంటనే గుర్తురాలేదు. గుర్తురాకపోవడమే ఆమెను భయపెట్టింది. తర్వాత ఒక్కొక్కటే కళ్ళముందుకు వచ్చాయి. టిఫిను డబ్బా, నోట్సు, వాటితోపాటు బల్ల మీద పడ్డ నెలసరి ప్యాడ్ల ప్యాకెట్టు, ఎదురుగా కూర్చుని చూస్తున్న మగపిల్లలు. కాగితాలు దొరకలేదు. సరే, వెళ్ళి కూర్చోమ్మా అని తన పనిలో పడిపోయింది. ఆ మర్నాటి నుంచి మంగ రాలేదు.

తప్పు చేశానని చెప్పింది. పూచీ తనే పెడతానంది, మళ్ళీ రమ్మని బతిమాలింది.

"మీరు మంచోరేనండి. ఆరోజూ మంచిగానే మాటాడుతూ ఎతికేరు" అంది మంగ. "నాను మరి రాలేనండి."

ఆదివారం సమావేశంలో పుష్పవతి ఏదీ దాచకుండా చెప్పింది. ఎవరూ ఆమె ముఖం వైపు చూడలేదు. గణేశ్వరరావు గారు, అందరూ కనుక్కొచ్చిన కారణాలతో రాసే నివేదిక ట్రస్టువాళ్ళు చదువుతారు కాబట్టి పూచీ సంతకం సంగతి ఒక్కటే రాద్దామన్నారు. సంచీ మాట రాస్తే ఉద్యోగానికే ముప్పన్నారు. అదీ రాయాల్సిందేనని ఆమె అనవలసింది. అనలేదు. తలూపింది.

నివేదిక అందరికీ నచ్చింది. పూచీ నియమం తీసేశారు. దసరాలోపు పదకొండు మంది కొత్తగా చేరారు, కొండ ఊళ్ళ నుంచి ఒక్కరూ లేరు.

పరీక్షకు వారం ముందు, గైడ్లు బస్సులో పంపుతానని పుష్పవతి సూరన్నకు ఫోను చేసింది. మంగ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి పోయిందని, అక్కడే ఉంటోందని అతను చెప్పాడు.

"పరీక్ష రాయదంటమ్మా. పుస్తకాలేటీ పంపకండి. సూస్తే ఏడుస్తాది."

ఆ నెల సమావేశంలో మంచినీళ్ళ ఫిల్టరు గురించి, సైకిళ్ళ స్టాండు గురించి మాట్లాడుకున్నారు. ఇంకేమైనా ఉందా అని గణేశ్వరరావు గారు అడిగారు. పుష్పవతి ఏమీ లేదంది.