చెరువులో నిన్నటి నీడ

రెండు వేల పదిహేడు, ఎండాకాలం. ఆదివారం తెల్లారితే చాలు, పాతికమంది జల్లెడలు పట్టుకుని చెరువొడ్డున చతికిలబడేవాళ్లు. ఫ్యాక్టరీ లారీల నుంచి కారిన ప్లాస్టిక్ గుళికలు, ఆవగింజకు అన్నల్లాంటివి, ఇసుకలో కలిసిపోయాయి. చేపలు తిండనుకుని మింగుతున్నాయి. ఇసుక జల్లించడం, గుళికల్ని సంచుల్లో పోయడం, ఇదీ పని. కూలి లేదు, టీ మాత్రం ఉంది.

సంచులిచ్చేది సంచుల మామ. పాత సంచుల వ్యాపారి, ఊరంతటికీ మామే. ఫ్యాక్టరీ తుక్కులో కొన్న సంచుల్ని శనివారమే జాడించి తెచ్చేవాడు. మురికి సంచి ఒకరి చేతికివ్వడం ఆయనకు నామోషీ.

ఎంత ఏరినా, మళ్లీ ఆదివారానికి ఒక మూల మాత్రం తెల్లగా మెరిసేది.

"ఎవడో పనిగట్టుకుని పోస్తున్నాడు" అన్నాడు మామ. ఆ ఎవడో ఎవరో ఆయన మనసులో అప్పుడే తేలిపోయింది. తన ఇంట్లోనే ఉంటున్న అల్లుడు. ఫ్యాక్టరీలో లోడింగ్ పని. శనివారాలు పొద్దుపోయాక వస్తాడు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంటుంది.

"డ్యూటీ లేటైంది మామయ్యా."

"డ్యూటీ చేస్తే వీపు తడవాలి గానీ, మోకాళ్లు తడవడమేంటి అల్లుడూ?"

అల్లుడు నవ్వి, పాకుతూ వచ్చిన పాపను ఎత్తుకుని లోపలికి పోయాడు. ఆ నవ్వుకే మామకు ఒళ్లు మండింది.

"నీకు నీ నీడ మీద కూడా అనుమానమే నాన్నా" అంది కూతురు.

"ఆ నీడే తేలుస్తుందిలే."

ఆ చెరువు నీడల్ని ఒక రోజు ఆలస్యంగా చూపిస్తుంది. నిన్న సాయంత్రం ఒడ్డున నిలబడ్డవాడు ఇవాళ సాయంత్రం నీళ్లలో కనిపిస్తాడు. అందుకే అక్కడ నీళ్లలో చూసుకుంటూ తల దువ్వుకునే అలవాటు ఎవరికీ లేదు.

ఆ ఆదివారం పనయ్యాక మామ ఎవర్నీ కదలనివ్వలేదు. "పొద్దువాలే దాకా ఉండండి. నిన్న ఇక్కడికి ఎవరొచ్చారో చూద్దాం. ఎవరి మొహం కనబడితే వాళ్లు ఇక నా ఇంటి గుమ్మం తొక్కకూడదు. అంతే!"

"వద్దు మామయ్యా. ఇంటికి పోదాం పదండి" అన్నాడు అల్లుడు గొంతు తగ్గించి.

"భయమా?"

"భయమే."

పొద్దువాలింది. నీళ్లలో ఒక మనిషి కనిపించాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కో సంచినీ తిరగేసి, మూలలు పట్టుకుని దులిపి, జాడిస్తున్నాడు. కుట్లలో ఇరుక్కున్న గుళికలు జలజలా రాలుతున్నాయి.

"మామా, అది నువ్వే కదూ?" అంది టీ పోసే ఆవిడ.

నీళ్లలోని మామ సంచుల మోపు భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లగానే ఇటు నుంచి అల్లుడొచ్చాడు. మోకాళ్ల లోతుకు దిగి, జల్లెడతో అందినకాడికి తోడాడు. చీకటి పడి నీళ్లు నల్లబడేదాకా తోడుతూనే ఉన్నాడు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా" అన్నాడు మామ చివరికి.

"నా సంచులంత శుభ్రమైనవి ఎక్కడా దొరకవని అందరితో అంటుంటారు. ఎలా చెప్పమంటారు?"

గుమ్మం దగ్గర మామ ఆగిపోయాడు. "లోపలికి రా నాన్నా, ఆ మాట ఎవరు పట్టించుకుంటారు!" అంది కూతురు.

"నేను" అన్నాడు మామ. వెళ్లి సంచుల కొట్లో పక్క వేసుకున్నాడు.

నెల తిరిగేసరికి ఆ మూల శుభ్రపడింది. పాప ఆ ఇంట్లోనే నడక నేర్చింది. మామ చూడలేదు.