మందు లేని మూడేళ్ళు

ఏలీయాకు రక్తంలో కేన్సరటగానీ, పెళ్ళాం సరళ ఒక్క మాత్రయినా మింగించకుండా మొగుణ్ణి గిలకలదిండి రేవు ఒడ్డున వలలు కుట్టుకోమని వదిలేసిందట. చేపల వేలంపాటలో సాటి జాలరి గంగరాజు భార్య అలా అందట. ఆ మాట మోసుకొచ్చిన పక్కింటి అనసూయ, సరళ గుమ్మంలోనే దించేసింది.

"నేనన్లేదు వదినా, విన్నది చెప్పా."

మందు వద్దన్నది బెజవాడ డాక్టరే. మూడేళ్ళ కిందట, రెండువేల సంవత్సరంలో, ఏలీయా మెడ కింద ఉసిరికాయలంత గడ్డలు చూసి, రక్తం తీయించి, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. రోగాలతో పోట్లాడే తెల్లకణాల మీద రిసెప్టర్లని ఉంటాయట. సూక్ష్మజీవి వచ్చి వాటికి తగిలితే, పెరగమని కణానికి కబురు అందుతుందట. ఏలీయా కణాలకు బయటి సూక్ష్మజీవేదీ తగలకుండానే ఆ కబురు అందుతోందట.

"అంటే గాలానికి చేప తగలకుండానే బెండు మునుగుతోందన్నమాట," అన్నాడు ఏలీయా.

డాక్టరు నవ్వాడు. "అంతే. ఆ కబురు ఆపే మందు ఇంకా రాలేదు. ఇది మెల్లగా పెరిగే రకం. ఇప్పట్నుంచే గట్టి మందులేస్తే మేలు కన్నా చెరుపెక్కువ. మూణ్ణెల్లకోసారి వచ్చి రక్తంలో తెల్లకణాల కౌంటు చూపించుకోండి, చాలు."

ఏలీయాకు చాలింది. సరళకే చాలలేదు. అనసూయ వచ్చి వెళ్ళిన మర్నాడే పామర్రు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఏదో పల్లెకు నడిచి, ఒంట్లో బలం పెంచుతాయంటూ ఓ నాటువైద్యుడిచ్చిన నల్లమాత్రలు తెచ్చి, మొగుడికి పూటపూటా మింగించింది.

నెల తిరక్కుండా గడ్డలు కరిగాయి. ఏలీయా మొహం గుండ్రంగా నిండింది. సరళ అతణ్ణి వేలంపాట దగ్గరికి లాక్కుపోయింది.

"ఏమే గంగరాజు పెళ్ళామా, ఇటొచ్చి చెయ్యెట్టి చూడు! ఉన్నాయా గడ్డలు?"

"వదిలెయ్యవే, సిగ్గుగా ఉంది," అన్నాడు ఏలీయా, మెడ మీంచి ఆమె చెయ్యి తీసేస్తూ.

ఆ మూణ్ణెల్ల కౌంటుకు ఇద్దరూ వెళ్ళలేదు. నాలుగోనెల్లో దగ్గు, జ్వరం. బెజవాడ చేరేసరికి అతనికి ఊపిరందడం లేదు.

డాక్టరు ఆ ఉబ్బిన మొహం చూశాడు, మాత్రల పొట్లం చూశాడు. సరళను పక్కకు పిలిచాడు.

"వీటిల్లో స్టెరాయిడ్ కలిపుంటాడమ్మా. గడ్డలు తగ్గిందీ, మొహం ఉబ్బిందీ దానివల్లే. అసలే ఈ జబ్బుతో జ్వరాలకి తట్టుకునే శక్తి తక్కువ, ఉన్నది కూడా పోయింది. రెండు ఊపిరితిత్తులూ పాడయ్యాయి. ఇక ఆశ పెట్టుకోవద్దు." ఆగి, ఉండబట్టలేక అన్నాడు: "ఏమీ చెయ్యకుండా ఉంటే ఇంకా ఏళ్ళ తరబడి బతికేవాడే! ఎందుకు పెట్టావమ్మా ఇవి?"

"మందొద్దని మీరు రెండు ముక్కలు చెప్పి పంపేశారు. మూడేళ్ళు ఆ గడ్డల పక్కన పడుకున్నది నేనండీ."